కొరికి పెట్టిన సగం వక్క

సిరిసిల్లలో సాంచాల మీద, ఆ కరెంటు మగ్గాల మీద నిలబడే అన్నదమ్ములు బాగున్నారా? ఆ చప్పుడుకు చెవులు ఇంకా పనిచేస్తున్నాయా, మోకాళ్లు ఎట్లున్నాయి? కోరుట్లలో, జగిత్యాలలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు నడుము నొప్పులు తగ్గాయా, దగ్గు ఎట్లుంది? భీవండికి పోయినవాళ్లు వేళకు ఇంత తింటున్నారా? దుబాయిలో ఎండకు పనిచేసేవాళ్లు నెత్తికి గుడ్డ కట్టుకుంటున్నారా? ముసలివాళ్లు షుగరు గోళీలు మరిచిపోకుండా వేసుకుంటున్నారా? ఈ పత్రికలో ఇది చదువుతున్న అమ్మలు పొయ్యి మీద ఏమీ పెట్టి మరిచిపోలేదు కదా? ఇవన్నీ అడగకపోతే నాకు నిద్ర పట్టదు. అడిగినా పట్టదు, అది వేరే సంగతి.

అందరినీ అడిగాను. ఒక్క మనిషిని అడగడానికి లేదు. మా తోటికోడలు, మా బావ భార్య, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి అక్కా అని పిలిచిన మనిషి, ఈమధ్యనే జగిత్యాల దవాఖానాలో కన్నుమూసింది.

ఫోను మోగితే నాకెప్పుడూ ఎవరో పోయారనే అనిపిస్తుంది. ఈసారి నిజంగానే పోయారు. కోరుట్లలో ఉండే అక్క బిడ్డ చేసింది.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

"నోట్లె నీళ్లు పోసినవా బిడ్డా?"

"పోసిన. మింగలే."

"పోయే ముంగట ఏమన్న చెప్పిందా?"

"ఏం చెప్తది. నర్సమ్మ సూది ఇస్తనంటే, ‘ఇయ్యి, గని నాకైతే అరమనసుగనే ఉంది’ అన్నది. గదే ఆఖరు మాట."

అంత ఏడుపులోనూ నాకు నవ్వు వచ్చింది. అక్క చివరికి ప్రాణం విడిచే సంగతిలో కూడా పూర్తిగా ఒప్పుకోలేదు.

అక్కను మట్టి చేసే నాడు నేను పోయాను, మా ఆయన రాలేదు. "నాకు కాళ్లు లేవు గద" అన్నాడు. ఉన్నాయి. మోకాళ్ల కింద వంకరపోయి ఉన్నాయి. చంకల కింద రెండు కర్రలు పెట్టుకుని రోజూ బజారు చివర హోటలు దాకా పోయి చాయ్ తాగి వస్తాడు. వదిన శవం దాకా మాత్రం ఆ కాళ్లు రాలేదు.

కోరుట్ల నుంచి నేను తిరిగి బయలుదేరుతుంటే అక్క బిడ్డ బస్టాండు దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. "మాసికం నాడు పళ్లెం తిరుగుతది చిన్నమ్మా. చిన్నబాపును తోల్కరా. ఆయన వక్క ఎత్తకుంటే మా అమ్మ మీద మాట మిగిలిపోతది."

మా నేతవాళ్ల ఊర్లలో ఇదొక రివాజు. పంచాయితీ ఏదైనా తెగాలంటే ఇంటికి ఒకటి చొప్పున వక్కలు పోసిన పళ్లెం అందరి ముందుకూ తిరగాలి. ఒప్పుకున్నవాళ్లు వక్క ఎత్తి నోట్లో వేసుకుంటారు. ఒక్క వక్క మిగిలినా ఆ మాట తెగనట్టే. మనిషి పోయాక మొదటి మాసికం నాడు కూడా అదే పళ్లెం తిరుగుతుంది. వక్క ఎత్తితే, పోయిన మనిషితో నాకు ఇక తగువు లేదని చెప్పినట్టు. అయినవాడు ఎత్తకుండా పళ్లెం పక్కకు జరిపితే, ఊరు దాన్ని తరాల దాకా చెప్పుకుంటుంది. మా ఆయన ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ఆమె చేతి వక్క ముట్టలేదు. ఇప్పుడు ముట్టుకుంటాడా లేదా అన్నదే అప్పటి నుంచి నా ఫికరు. ఎందుకు ముట్టలేదో చెప్పాలంటే ముందు అక్క నోట్లో ఎప్పుడూ మెదిలే ఆ మాట గురించి చెప్పాలి.

ఆ మాట నేను మొదటిసారి విన్నది నా గురించే. నన్ను చూసుకోవడానికి మా అత్త, బావ, అక్క వచ్చారు. అత్తకు నేను నచ్చాను. బావ తల ఊపాడు. తరువాత అక్కను అడిగారు. ఆమె నా మొఖం నిదానంగా చూసి, అందరూ వినేటట్టే చెప్పింది. "పిల్ల మంచిదే. గని నాకు అరమనసుగ ఉంది. గింత భయపడేది మగ్గాల చప్పుడుల ఎట్ల బతుకుతది? గా పిల్లి దుంకితేనే దడుసుకున్నది."

మా అవ్వకు కోపం వచ్చింది. "ఇష్టం లేకుంటే లేదను. గీ సగం మాటేంది?"

"ఇష్టం లేదని ఎవలన్నరు? సగం ఉన్నది. కడమ సగం ఇంటికొచ్చినంక చూస్త."

ఆ మిగిలిన సగం ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో నాకు ఎన్నడూ చెప్పలేదు. అడిగితే రాలేదంటుందేమోనని నేనూ అడగలేదు.

కూరలో ఉప్పు చాలిందా అంటే అరమనసు. నేసిన చీర దించి వెలుతురుకు పట్టి, "అంచు కుదిరింది, నడుమ అరమనసు" అనేది. చాలామంది ఆ మాటను తప్పించుకోవడానికి వాడతారు. అక్క అట్లా వాడలేదు. తప్పించుకునేవాళ్లు ‘చూద్దాం’ అంటారు. కొట్లాడేవాళ్లు ‘కాదు’ అంటారు. నాలో ఒక సగం ఒప్పుకుంది, ఇంకో సగం ఒప్పుకోలేదు, ఆ రెండో సగాన్ని దాచి మీకు ఔనని చెప్పలేను అని మొఖం మీద చెప్పడం ఆమె అరమనసు. "ఔ అనుడు ఎంతసేపు," అనేది అక్క, "ఔ అన్నంక దానితోని బతుకాలె గద."

అవి అడవిలోని అన్నలు, నక్సలైట్లు, పగలే ఊర్లోకి వచ్చే ఏండ్లు. మాది ఎల్లారెడ్డిపేట దిక్కు చిన్న ఊరు. ముందు వాళ్లు వచ్చేవారు, వెనక పోలీసులు వచ్చేవారు. ఇద్దరికీ మా ఇండ్లలోనే అన్నం కావాలి. ఇద్దరూ కడుపునిండా తిని, మొన్న ఎవరికి పెట్టావని అడిగేవారు. బియ్యం కడిగినప్పుడల్లా అనుకునేదాన్ని, ఈ బియ్యం ఎవరి కడుపులోకి పోయి ఎవరి మీదికి వస్తాయోనని.

మా ఊరి పోరడు ఒకడు అన్నల్లో కలిశాడు. తల్లికి ఒక్కడే కొడుకు, తండ్రి లేడు. తల్లిని చూడబుద్ధయి ఒకసారి ఇంటికి వచ్చాడు. అన్నం తింటుంటే పోలీసులు నేరుగా ఆ ఇంటికే వచ్చి చుట్టుముట్టారు. చెయ్యి కడుక్కోనియ్యకుండా ఊరి బయటికి తీసుకుపోయి కాల్చేశారు. మరునాడు పేపర్లో ఎదురుకాల్పులని వచ్చింది. వాడి చేతికి మెతుకులు ఎండిపోయి ఉన్నాయని, శవాన్ని కడిగినవాళ్లు తల్లికి చెప్పారు. చెప్పకుండా ఉండవలసింది. మా ఊరివాళ్లు అట్లాంటివి చెప్పకుండా ఉండలేరు.

దానికి ఒకరోజు ముందే మా ఆయన నూలు తేవడానికి సిరిసిల్ల పోయాడు. దారిలో పోలీసులు పట్టుకుని ఠాణాకు తీసుకుపోయి, తెల్లారి విడిచిపెట్టారు. "కొట్టిండ్రు. నేనేం చెప్పలే" అన్నాడు ఇంటికి వచ్చి. నేను నమ్మాను. ఊరు నమ్మలేదు. ఈయన ఠాణా నుంచి వచ్చిన నాడే పోరడు పోయాడు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నారు.

కొద్ది రోజులకు అన్నలు వచ్చారు. మధ్యాహ్నం పూట నేతవాళ్లందరినీ ఊరి చావడి, మా కచ్చీరు ముందు కూర్చోబెట్టారు. మా ఆయన చేతులు వెనక్కి విరిచి గుంజకు కట్టారు. వాళ్ల పెద్ద చిన్న వయసువాడే. జలుబు చేసినట్టుంది, తువ్వాలతో ముక్కు తుడుచుకుంటూ మాట్లాడాడు. నా మొగుని ప్రాణం తీయడానికి వచ్చినవాడిని చూసి, వీని తల్లి ఎక్కడ ఉండి ఫికరు పడుతుందో అనుకున్నాను. నా బుద్ధి అట్లాంటిది.

"వీన్ని ఏం చెయ్యాల్నో మీరే చెప్పుండ్రి," అన్నాడు అతను. "గని అందరు ఒక్క మాట మీద ఉండాలె. అందరి చెయ్యి పడితే రేపు ఎవ్వడు ఠాణాకు పోయి ఇంకొకని పేరు చెప్పడు."

మా కులపెద్ద లేచి నిలబడ్డాడు. ఆయన ధోతి తడిసింది, అందరం చూశాం. "చేతులెత్తుడు మాకు అలవాటు లేదన్నా. మా రివాజు పళ్లెం."

"పళ్లెమే తిప్పుండ్రి. ఒక్క వక్క గూడ మిగలద్దు."

"వాళ్లింటి వక్క తీసేద్దామా అన్నా? సొంత మనిషి గద."

"ఎందుకు తీస్తరు? వాళ్లింటోళ్లు ఎత్తితెనే ఊరంత ఎత్తినట్టు."

మొదటి వక్క చనిపోయిన పోరని తల్లి ఎత్తింది. నోట్లో వేసుకోలేదు, పిడికిట్లో బిగించి పట్టుకుంది. తరువాత పళ్లెం ఇల్లిల్లూ తిరిగింది. మా ఆయన వైపు ఎవరూ చూడలేదు. మేము కష్టంలో ఉన్నప్పుడు అప్పు గింజలు పెట్టినవాళ్లు, మా ఇంట్లో పెండ్లికి పని చేసినవాళ్లు, అందరూ ఎత్తారు. ఒకాయన పళ్లెంలో వేలు పెట్టి, ఏరి, పెద్ద వక్క తీసుకున్నాడు. కచ్చీరు ముందు వక్కలు నమిలే చప్పుడొక్కటే. నా చంకలో నా చిన్న బిడ్డ ఉంది. దాని ఒళ్లు వేడిగా ఉన్నట్టనిపించి మాటిమాటికి నుదురు ముట్టి చూస్తున్నాను. ఆ పూట నా చేతులకు దొరికిన పని అదొక్కటే.

పళ్లెం ఆఖరున మా ఇంటికి వచ్చింది. మా అత్త అప్పటికే లేదు. బావ భీవండిలో మిల్లు పనికి పోయి ఉన్నాడు. ఇంటికి పెద్ద అక్కనే. పళ్లెంలో ఒక్కటే వక్క ఉంది.

అక్క ఆ వక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుని పండ్ల కింద కటుక్కుమనిపించింది. సగం నోట్లో ఉంచుకుని, సగం తీసి పళ్లెంలో పెట్టింది.

కులపెద్ద నెత్తి కొట్టుకున్నాడు. "పళ్లెం ఎంగిలి చేసినవ్ గదనే."

మాలో ఎంగిలైన పళ్లెం ఆ దినం మళ్లీ తిరగదు. కడగాలి, కొత్త వక్కలు పోయాలి, ఇంకొక దినం కూర్చోవాలి. వక్క ఎత్తకపోతే ఆమెను బెదిరించి ఎత్తించేవారు. ఎంగిలి చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇది తెలిసే చేసిందా, తోచక చేసిందా అని నేను చాలా ఏండ్లు ఆలోచించాను. తెలిసే చేసింది. ఎంగిలి విషయంలో ఆమె అంత పట్టింపు మనిషి ఊర్లో లేదు.

"ఏందిది?" అన్నాడు అన్నల పెద్ద. కులపెద్ద రివాజు చెప్పాడు. అతను అక్క దగ్గరికి వచ్చాడు. "ఔనా, కాదా?"

"అరమనసు."

"గదేం మాట? ఔననో కాదనో చెప్పు."

"గా తల్లి ముంగట కాదనుడు నాతోని కాదు. గీ పిల్ల ముంగట ఔననుడు నాతోని కాదు," అంది అక్క, నా వైపు గడ్డం చూపించి. "ఉన్నది చెప్తున్న. మా మరిది చెప్పలేదని ఒట్టు పెట్టలేను. చెప్పిండని చంపుమనలేను."

పోరని తల్లి లేచింది. పిడికిట్లో వక్కను అక్క మొఖం మీదికి విసిరింది. నుదుటికి తగిలి రక్తం చిమ్మింది. "కొడుకును కన్నదానివైతే తెలుస్తుండె. గొడ్డుమోతు బుద్ధి, సగం సగం మాటలు" అంది. అక్కకు అప్పటికి పిల్లలు లేరు. ఆమె తుడుచుకోలేదు.

వాళ్లు పక్కకు పోయి మాట్లాడుకుని వచ్చారు. అతను ముక్కు తుడుచుకున్నాడు. "మీ రివాజు మేం తప్పం. మొత్తం ఎత్తలేదు గనుక మొత్తం తియ్యం. సగం ఎత్తిండ్రు, సగం తీస్తం."

పక్కింటి నుంచి రోకలి తెప్పించారు. మా ఆయనను మోకాళ్ల కింద కొట్టారు. నేను చిన్నదాని మొఖం నా ఒంటికి అదుముకున్నాను, దానికి ఊపిరి ఆడుతుందో లేదో కూడా చూడలేదు. ఆ తరువాత పండుగకు పక్కింటివాళ్లు అదే రోకలితో పసుపు దంచారు. కొత్త రోకలి ఎక్కడి నుంచి తెస్తారులే అనుకున్నాను.

తరువాత పోలీసులు వచ్చారు. ఎవరెవరు వక్క తిన్నారని అడిగి, తిన్నవాళ్లందరినీ, అంటే ఊరందరినీ, ఠాణాకు తీసుకుపోయి కొట్టారు. అక్కను ప్రత్యేకంగా నిలబెట్టి, "అందరు మొత్తం తింటే నువ్వు సగమే ఎందుకు తిన్నవు, ఏం తెలుసు నీకు" అని కొట్టారు. తిన్న సగానికి ఠాణాలో దెబ్బలు, విడిచిన సగానికి ఊర్లో తిట్లు. ఎల్లంతకుంటలో ఉన్న ఆమె పుట్టింటివాళ్లు కూడా, ఇటో అటో తేల్చలేని బిడ్డను కన్నామని తల దించుకున్నారు. పిల్లలు వీధిలో అరమనసు, అరమనసు అని వెంటపడేవారు. భీవండి నుంచి బావ వచ్చి, సంగతంతా విని, "మొత్తం కాదనాలె గద నువ్వు" అని ఒక్క మాట అన్నాడు. ఆ తరువాత చాలా రోజులు గోడ వైపు తిరిగి కూర్చుని అన్నం తిన్నాడు. ఆమె ఆయన వీపు వెనకే కంచం పెట్టేది.

కాళ్లు పోయినవాడు గుంట మగ్గంలో కూర్చోలేడు. మా ఆయన ఆడవాళ్లతో కలిసి వాకిట్లో కండెలకు నూలు చుట్టేవాడు. ఆయనకు నూలు అందించేది అక్కనే. వాళ్లిద్దరి మాటలు వింటే కొత్తవాళ్లు బిత్తరపోయేవారు.

"వదినె, నా కాళ్లల్ల ఏ సగం నీదో చెప్పు, కడిగి పంపుత."

"నీ కాళ్లు వాళ్లయి. నీ నోరు నాది. గదొక్కటి పలుగకుంట సాబూతుగున్నది, చూసుకో."

"నువ్వు కాదని ఒక్క మాటంటే నేను నడుద్దును."

"ఔనని ఒక్క మాటంటే నిన్ను మోద్దురు. నడ్సుడు బరువా, మోసుడు బరువా?"

ఆమె అడకత్తెరతో వక్క కత్తిరించి పళ్లెంలో పెట్టి ఆయన ముందు ఉంచేది. ఆయన పళ్లాన్ని కర్రతో అవతలికి నెట్టేవాడు. ఆమె తీసుకుని తాను నమిలేది. మళ్లీ మరునాడు పెట్టేది. నాకు భయం, ఏదో ఒకనాడు ఆ కర్ర ఆమె చేతికి తగులుతుందని. తగిలిన రోజులు కూడా ఉన్నాయి.

ఒకసారి ఆయన కాళ్లకు కాపడం పెట్టడానికి నీళ్లు కాగబెడుతూ అడిగాను. "అక్కా, ఎంగిలి చేసినవ్ సరే. అరమనసని ఎందుకన్నవు? కాదంటే అయిపోయేది గద."

చుట్టూ చూసి, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది. "ఠాణా నుంచి వచ్చిన నాడు నీ మొగడు చెప్పులు తొడుక్కొని వచ్చిండే. ఆ రోజులల్ల ఠాణాకు పోయినోడు ఎవడన్న చెప్పులు తొడుక్కొని వచ్చిండా? అరికాళ్లు ఉబ్బి చేతుల పట్టుకొని వస్తుండ్రి. గది చూసిన కండ్లతోని కాదని ఎట్లంట? చెప్పులు సూసి మనిషిని చంపుమని ఎట్లంట?"

నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను. ఆ మాట ఆయనతో చెప్పలేదు. చెప్తే ఇంట్లో ఇంకో రోకలి లేస్తుందని భయం.

పోరని తల్లి ఆమెను చివరి దాకా క్షమించలేదు. ఆ తల్లి పోయినప్పుడు శవానికి స్నానం చేయించడానికి అక్క బిందె పట్టుకుని పోతే, వాళ్లవాళ్లు వాకిట్లో నుంచే వెళ్లగొట్టారు. ఆమె ఇంటికి రాలేదు. పాడె కదిలే దాకా బజారులో బిందెతో నిలబడి ఉంది. తరువాత ఆ నీళ్లు బజారు మధ్యన పోసి వచ్చింది.

అన్నలు పోయారు, ఓట్లు వచ్చాయి. ఒక ఏడు సర్పంచిని ఏకగ్రీవం చేద్దామని ఊరు కూర్చుంది. బడి పంతులు లేచి, గ్రీవం అంటే మెడ, ఏకగ్రీవం అంటే ఊరంతా ఒకే గొంతుతో చెప్పడమని వివరించాడు. వెనక నుంచి అక్క, "ఊరందరిది ఒకటే మెడైతే పిసుకుడు అల్కగైతది సారు" అంది. కొందరు నవ్వారు. కచ్చీరు ముందు వక్క నమిలినవాళ్లు నవ్వలేదు.

లేకలేక పుట్టిన బిడ్డను కోరుట్లలో ఇచ్చింది. బావ పోయాక, మగ్గాలు పొయ్యి కట్టెల కింద పోయాక, తాను కూడా అక్కడికే పోయి బీడీలు చుట్టింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా సంచిలో నుంచి అడకత్తెర తీసి, వక్క కత్తిరించి, ఆయన ముందు పళ్లెం పెట్టేది. ఆయన నెట్టేసేవాడు. పోయిన ఎండకాలం వచ్చినప్పుడు చేతులు వణికి వక్క తెగలేదు. మొత్తం వక్కే పెట్టింది. అది కూడా నెట్టేశాడు. "నెట్టనీ," అంది నాతో, "నెడ్తున్నడంటే బతికున్నడన్నట్టే."

ఇప్పుడు నా ఇంటి సంగతి. కోరుట్ల నుంచి వచ్చి మాసికం పళ్లెం మాట చెప్పాను. ఆయన చాయ్ ఊదుకుంటూ, "ఎత్తుత తియ్యి. కొరికి సగం పళ్లెంల పెడుత. ఆమె నేర్పిందే గద" అన్నాడు.

ఎప్పుడూ ఆయన మాటకు ఎదురు చెప్పని నోరు నాది. ఆ రోజు ఎట్లా వచ్చిందో వచ్చింది. అక్క పాడె మీద ఆమె నుదుటి మచ్చ చూసి వచ్చిన కండ్లు కదా. "ఆమె నీ చెప్పులు చూసింది," అన్నాను.

"ఏం చెప్పులు?"

"ఠాణా నుంచి తొడుక్కొని వచ్చినయి."

ఆయన చాయ్ గిలాస కింద పెట్టాడు. తన పాదాల వైపు చూశాడు. ఇంత వయసులో ఈయనకు ఏమన్నా అయితే దవాఖానాకు ఎట్లా తీసుకుపోవాలని నాకప్పుడే ఫికరు పట్టుకుంది.

"ఎవలకన్న చెప్పిందా?"

"నాకే. ఒక్కసారే."

"కొట్టలే నన్ను," అన్నాడు. "బల్ల మీద కూసోబెట్టి చాయ్ పోసిండ్రు. పోరని పేరడిగితే చెప్పలే. తెల్వదన్న. తెల్లారి జీపుల ఊరి మూల మీద దించేటప్పుడు, వాళ్లిల్లు ఎటని అడిగిండ్రు. నేను నోరు తెరువలే. ఏలు ఎత్తలే. అటు చూసిన."

"చూసినవా?"

"చూసుడే."

ఆ తల్లి పిడికిట్లో వక్క బిగించి కూర్చున్న తీరు కండ్ల ముందుకు వచ్చింది. కొడుకు చేతికి ఎండిన మెతుకులు వచ్చాయి. ఊరంతా ఔనంది, నేను మనసులో కాదన్నాను. మా అందరిలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది అరమనసు అన్న మనిషి ఒక్కతే. ఆమెనే ఊరు ఏదీ తేల్చలేని పిరికిది అన్నది. ఆమె చెప్పులు చూసిన సంగతి కచ్చీరు ముందు ఒక్క మాట అని ఉంటే ఈయన ఆ పూట దాటేవాడు కాదు. అది దాచుకుని, ఈయన తిట్లు తింటూ, ఈయన చేతికి నూలు అందించింది.

ఆయనే మళ్లీ అన్నాడు. "పత్రికల ఆమె మీద రాస్తనన్నవు గద. గిది గూడ రాయి."

"వద్దు. ఎవలన్న చదివితే? మనుమల పెండ్లిండ్లు ఉన్నయి."

"రాయి. గా తల్లి గూడ లేదు ఇప్పుడు. ఆమె ఉండంగ చెప్పాల్సింది, నోరు రాలే. నా నోరు సాబూతుగున్నదని వదినె ఉత్తగనే అనుకున్నది."

అందుకే రాశాను. ఇది చదివి మా మీద ఉమ్మేవాళ్లుంటే వాళ్ల మాటా న్యాయమే. అక్కను మాత్రం ఇక పిరికిదనకండి.

మాసికం వచ్చే గురువారం పడింది. పొద్దున మొదటి బస్సుకు వేములవాడ పోయి, అక్కడ కోరుట్ల బస్సు ఎక్కాలి. కర్రలతో బస్సు మెట్లు ఎట్లా ఎక్కుతాడో, సీటు దొరుకుతుందో లేదో, వక్క నమలడానికి ఈయనకు పండ్లు కూడా లేవు. బయటి ఊరికి పోతున్నాడు కదా, చెప్పులు అరిగిపోయాయి, కొత్తవి తెద్దామా అని నిన్న అడిగాను.

"వద్దు," అన్నాడు. "ఉత్త కాళ్లతోనే వస్త."

ఆ రోడ్డు మీద కంకర ఉంటుంది, గాజు పెంకులు ఉంటాయి, పొద్దెక్కితే కాలుతుంది అని చెప్పాను. వినలేదు. నిన్నటి నుంచి ఆయన చెప్పులు గడప అవతల బోర్లపడి ఉన్నాయి. గురువారం పోతున్నాం.